పొలం అమ్మే ముందు: హిమోఫీలియా ఉన్న బాబుకి జన్యు చికిత్స

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా ఆయన బజారులో చిన్న కిరాణా కొట్టు నడుపుతారు. మా బాబుకి ఏడేళ్లు. పాకే వయసు నుంచే మోకాళ్లు కమిలిపోయేవి. విశాఖపట్నం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే హిమోఫీలియా ఏ అన్నారు, ఫ్యాక్టర్ 8 ఒక శాతం కూడా లేదన్నారు. మా తమ్ముడు పదకొండో ఏట పన్ను పీకించుకున్నాక రక్తం ఆగక పోయాడు. అప్పట్లో ఆ జబ్బు పేరే మాకు తెలీదు. ఇప్పుడు బాబుకి దెబ్బ తగిలినప్పుడల్లా పెద్దాసుపత్రికి పరిగెత్తి ఫ్యాక్టర్ ఎక్కిస్తున్నాం. కుడి మోకాలు ఈ ఏడాది మాటిమాటికీ వాస్తోంది. మా మరిది ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఒక్క ఇంజెక్షన్‌తో మంచి జన్యువు ఎక్కించి జబ్బుని శాశ్వతంగా పోగొడతారట. అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే విదేశంలో చేయిస్తాం, ముందు మూడు లక్షలు కట్టండి అన్నారు. మా మావగారు వంశధార ఒడ్డున ఉన్న పొలం అమ్మేద్దాం అంటున్నారు. ఒంట్లోకి వైరస్‌ని ఎక్కిస్తారని విని నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు? మా చెల్లికి మాఘంలో పెళ్లి. తనకీ ఏమైనా చెప్పాలా?
— ఒక తల్లి, గుణుపురం

జవాబు:

అమ్మా, పొలం అమ్మకండి. ఆ మూడు లక్షలూ కట్టకండి. ఈ జవాబుని మీ మావగారికి కూడా చదివి వినిపించండి. మనవడి కోసం పొలం వదులుకోవడానికి సిద్ధపడ్డ పెద్దమనిషికి ఎందుకు వద్దంటున్నానో పూర్తిగా తెలియాలి.

ఆ వీడియోలో ఉన్నదంతా అబద్ధమైతే చెప్పడం తేలికయ్యేది. జన్యు చికిత్స నిజంగానే ఉంది. హిమోఫీలియా అంటే రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ అనే పదార్థం ఒంట్లో సరిగా తయారుకాకపోవడం. హిమోఫీలియా ఏలో ఫ్యాక్టర్ 8, బిలో ఫ్యాక్టర్ 9 లోపిస్తుంది. హిమోఫీలియా బికి హెమ్‌జెనిక్స్ అనే మందుకి 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ బాబుకున్న హిమోఫీలియా ఏకి రోక్టేవియన్ అనే మందుని 2022 ఆగస్టులో ఐరోపా, 2023 జూన్‌లో అమెరికా ఆమోదించాయి. రెండూ ఒక్కసారి నరంలోకి ఎక్కించే మందులే. ఇంతవరకూ వీడియో చెప్పింది నిజం. చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, ఆ రెండూ పెద్దవాళ్లకే. ఏడేళ్ల పిల్లవాడికి హిమోఫీలియా పోగొట్టే జన్యు చికిత్స మందు ఏ దేశంలోనూ అమ్మకానికి లేదు. ధర సంగతికొస్తే, అమెరికాలో ప్రకటించినప్పుడు మొదటిది 35 లక్షల డాలర్లు, రెండోది 29 లక్షల డాలర్లు. మన లెక్కలో పాతిక ముప్పై కోట్ల రూపాయలు. మూడు లక్షలు అడ్వాన్సు కట్టించుకుని ఎవరో ఆ మందు ఇప్పిస్తాడన్నది జరిగే పని కాదు.

పిల్లలకి ఎందుకు ఇవ్వరన్నది అసలు ప్రశ్న. దానికి జవాబంతా ఆ జన్యువుని ఒంట్లోకి ఏ దారిన పంపుతారన్న దాంట్లో ఉంది. వైరస్ గురించి మీ భయానికీ అక్కడే సమాధానం దొరుకుతుంది.

ఫ్యాక్టర్ 8 తయారు చెయ్యమని చెప్పే జన్యువు మీ బాబులో పాడైంది. సరైన జన్యువుని ల్యాబులో తయారు చెయ్యడం ఇప్పుడు కష్టం కాదు, ఆ జన్యువుని శాస్త్రవేత్తలు 1984లోనే పట్టుకున్నారు. దాన్ని తిన్నగా రక్తంలో కలిపితే మాత్రం కాసేపట్లో ముక్కలై పోతుంది, కణం లోపలికి చేరదు. కణాల్లోకి దూరే నేర్పు పుట్టుకతో ఉన్నవి వైరస్‌లు. అందుకని ఏఏవీ అనే చిన్న వైరస్‌ని తీసుకుని, దాని సొంత జన్యువులన్నీ తీసేసి, ఖాళీ అయిన పెంకులో మనకి కావలసిన జన్యువుని పెడతారు. ఈ వైరస్ మనుషుల్లో ఏ జబ్బూ తెచ్చినట్టు తెలియదు. సొంత జన్యువులు లేవు కాబట్టి ఒంట్లో పెరగలేదు కూడా. నరంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయానికి చేరుతుంది. అక్కడి కణాలు ఆ జన్యువుని చదువుకుని ఫ్యాక్టర్‌ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి.

మీ భయం ఉత్తుత్తిది కాదు. 1999లో అమెరికాలో ఇంకో జబ్బుకి జన్యు చికిత్స పరీక్షలో 18 ఏళ్ల కుర్రవాడు చనిపోయాడు. అతనికి వాడింది అడినోవైరస్ అనే వేరే రకం, ఒళ్లు దాని మీద విపరీతంగా తిరగబడింది. ఆ తరవాత ఏళ్ల తరబడి ఈ రంగం మొత్తం నెమ్మదించింది. ఏఏవీని అంతగా నమ్ముకోవడానికి ఒక కారణం అది ఒంటిని అంతలా రెచ్చగొట్టకపోవడమే. అలాగని అసలు రెచ్చగొట్టదనీ కాదు. ఎక్కించిన కొన్ని వారాలకి కాలేయం కాస్త వాచి, రక్త పరీక్షలో ఎంజైములు పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. అప్పుడు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవాలి, వారం వారం రక్త పరీక్ష చేయించుకోవాలి.

ఏఏవీ పెంకులో చోటు చాలా తక్కువ. జన్యు లిపిలో సుమారు 4,700 అక్షరాల పొడవున్న జన్యువే అందులో పడుతుంది. ఫ్యాక్టర్ 9 జన్యువులో పని చేసే భాగం 1,400 అక్షరాలు, హాయిగా ఇమిడిపోతుంది. ఫ్యాక్టర్ 8 దాదాపు 7,000. లారీ సరుకుని ఆటోలో వెయ్యమన్నట్టు. గడ్డకట్టడానికి అక్కర్లేని బి డొమైన్ అనే నడిమి భాగాన్ని కోసేసి 4,400 దగ్గరికి తెచ్చారు, ఎలాగో ఇరికించారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన ఒంట్లో ఫ్యాక్టర్ 8ని సహజంగా తయారు చేసేవి కాలేయంలోని రక్తనాళాల లోపలి పొర కణాలు. ఏఏవీ వెళ్లి చేరేది కాలేయపు అసలు కణాల్లోకి. అలవాటు లేని పని వాటి మీద పడుతుంది. కొంతకాలానికి అవి నీరసించిపోవడానికి అదొక కారణమని చాలామంది పరిశోధకుల అనుమానం.

ఫలితాల్లో ఈ తేడా కనిపిస్తోంది. హిమోఫీలియా బి వాళ్లు పదిమందికి 2010 నుంచి లండన్‌లోనూ అమెరికాలోనూ ఈ చికిత్స చేశారు. పదమూడేళ్ల తరవాత చూసినా వాళ్లలో ఫ్యాక్టర్ 9 నిలకడగా వస్తోందని 2025లో ప్రచురించారు. తరవాతి మందుల్లో ఇటలీలోని పాడువా ఊరి కుటుంబంలో దొరికిన మార్పు ఉన్న ఫ్యాక్టర్ 9 జన్యువుని వాడారు. అది మామూలు దానికంటే ఎనిమిది రెట్లు చురుకైనది, అందుకని తక్కువ తయారైనా చాలు. హిమోఫీలియా ఏ కథ అంత బాగా లేదు. రోక్టేవియన్ పెద్ద పరీక్షలో 134 మంది మగవాళ్లకి ఎక్కిస్తే మొదటి ఏడాది చివరికి ఫ్యాక్టర్ 8 సగటున 40 శాతం దరిదాపుల్లో ఉంది. రెండో ఏడాది చివరికి దాదాపు సగానికి పడిపోయింది. ఆ తరవాతా తగ్గుతూ వచ్చింది. రక్తస్రావాలు బాగా తగ్గిన మాట నిజం. శాశ్వతం అన్న మాటని మాత్రం ఆ మందు తయారు చేసినవాళ్లు కూడా అనరు.

ఇప్పుడు మీ బాబు విషయానికి రండి. ఏఏవీ తెచ్చిన జన్యువు కణంలోని అసలు జన్యు దారంతో (డీఎన్ఏతో) చాలావరకు కలవదు, పక్కన విడిగా ఉండిపోతుంది. కణం రెండుగా చీలినప్పుడు ఆ విడి జన్యువు రెండింటికీ నకలు కాదు. పెద్దవాళ్ల కాలేయం కణాలు అరుదుగా చీలతాయి కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏడేళ్ల పిల్లవాడి కాలేయం ఇంకా చాలా పెరగాలి. పెరిగే కొద్దీ ఆ జన్యువు పలచబడి పోతుంది. సరే, పోతే మళ్లీ ఎక్కిద్దాం అంటే కుదరదు. ఒక్కసారి ఎక్కించాక ఒంట్లో ఆ వైరస్ మీద ప్రతిరక్షకాలు విపరీతంగా పెరుగుతాయి, రెండోసారి వచ్చిన పెంకుని దారిలోనే పట్టేసుకుంటాయి. అంటే ఆ పద్ధతిలో ఒక మనిషికి ఉన్నది ఒక్క అవకాశం. దాన్ని ఏడేళ్ల వయసులో, నిలవదని తెలిసీ ఖర్చు పెట్టెయ్యడం బాబుకి అన్యాయం. ఎవరైనా డబ్బు తీసుకోకుండా చేస్తామన్నా నేను వద్దనే అంటాను.

ఇంకో దారి ఉంది. అది మన వెల్లూరులోనే తయారవుతోంది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి ఐదుగురు హిమోఫీలియా ఏ పెద్దవాళ్లకి చేసిన చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. అక్కడ జన్యువుని మోసుకెళ్లేది లెంటివైరస్. దీని మూలం ఎయిడ్స్ వైరస్ కుటుంబం. ఆ పేరు విని ఉలిక్కిపడకండి, జబ్బు తెచ్చే భాగాలన్నీ తీసేసినదే వాడతారు. దాన్ని రోగి ఒంట్లోకి ఎక్కించరు. రోగి రక్తంలోంచి మూలకణాలు, అంటే కొత్త రక్తకణాలని పుట్టించే కణాలు తీసి, ల్యాబులో వాటిలోకి ఫ్యాక్టర్ 8 జన్యువుని చేర్పించి, ఆ కణాలని తిరిగి నరంలోకి ఎక్కిస్తారు. ఈ జన్యువు కణం సొంత జన్యు దారంలోనే అతుక్కుంటుంది కాబట్టి కణం ఎన్నిసార్లు చీలినా పోదు. కొత్త కణాలు నిలదొక్కుకున్న తరవాత ఆ ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదని రాశారు. జన్యువు కణాల్లోకి బాగా ఎక్కడానికి తోడ్పడే పదార్థాన్ని కలిపి చేసిన చివరి ముగ్గురిలో ఫ్యాక్టర్ ఇంకా బాగా వచ్చింది. ఈ పనిలో మన దేశం ముందుండటం నాకు చాలా సంతోషాన్నిచ్చిన విషయం.

దానికీ మూల్యం ఉంది. కొత్త కణాలకి ఎముక మజ్జలో చోటు చెయ్యాలంటే పాతవాటిని ముందు కీమోథెరపీతో తుడిచెయ్యాలి. ఆ వారాల్లో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది, తరవాత పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినొచ్చు. జన్యువు దారంలో ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది కాబట్టి ఎప్పటికైనా రక్త క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలి. ఐదుగురి ఫలితం ఆశ కలిగిస్తుంది గాని, ఏడేళ్ల పిల్లవాడికి చెయ్యడానికి అది చాలదు. వైరస్సే లేకుండా సన్నని కొవ్వు బుడగల్లో జన్యువుని సరిదిద్దే సరంజామాని కాలేయానికి పంపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. ఎదిగే పిల్లలకి చివరికి పనికొచ్చేది బహుశా అదే. అది ఇంకా పరీక్షల దశలో ఉంది.

కాబట్టి మీ బాబు పెద్దయ్యేసరికి ఇప్పటికంటే మంచి దారి తయారయ్యే అవకాశం బాగా ఉంది. అప్పటికి వాడు ఆ చికిత్సకి తగినవాడుగా ఉండాలి. కీళ్లు పాడవకూడదు, కాలేయం చెడకూడదు. మీరు పెట్టే డబ్బూ శ్రమా ఇప్పుడు దాని మీద పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ వీడియో కాదు, కుడి మోకాలు. ఒకే కీలు మాటిమాటికీ వాస్తోందంటే లోపలి పొర ఉబ్బి, మళ్లీ రక్తం కారడానికి సిద్ధంగా ఉందని అర్థం. దెబ్బ తగిలాక ఫ్యాక్టర్ ఎక్కించే పద్ధతిలో బాబుకి పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ మోకాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. రక్తం కారకముందే ఇచ్చే మందు కావాలి, దాన్ని ప్రొఫిలాక్సిస్ అంటారు. మీరు ఆసుపత్రిలో ఈ మాటే వాడి అడగండి. తక్కువ మోతాదులో, కిలోకి 10 యూనిట్ల చొప్పున ఫ్యాక్టర్ 8ని వారానికి రెండుసార్లు ఇచ్చినా రక్తస్రావాలు బాగా తగ్గుతాయి. అంతకంటే తేలికైనది ఎమిసిజుమాబ్. ఇది ఫ్యాక్టర్ 8 కాదు, ఫ్యాక్టర్ 8 చేసే పనిని దాని బదులు చేసే మందు. నరం వెతకక్కర్లేదు, చర్మం కిందే ఇస్తారు, మొదటి నాలుగు వారాల తరవాత వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి. ఫ్యాక్టర్‌కి ఇన్‌హిబిటర్ (ఎక్కించిన ఫ్యాక్టర్‌ని పని చెయ్యనివ్వని ప్రతిరక్షకం) వచ్చినవాళ్లకీ పని చేస్తుంది. పెద్ద పరీక్షలో ముందుజాగ్రత్త మందు ఏదీ లేనివాళ్లతో పోలిస్తే రక్తస్రావాలు 96 శాతం తగ్గాయి. ఖరీదైనదే. అయినా కేరళ ప్రభుత్వం 18 ఏళ్లలోపు హిమోఫీలియా పిల్లలకి దీన్ని ఉచితంగా ఇవ్వడానికి 2024లో నిర్ణయించింది. మీరు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో పిల్లల విభాగానికి వెళ్లి, ఈ రెంటిలో ఏది దొరుకుతుందో అడగండి. హిమోఫీలియా ఫెడరేషన్ ఇండియా శాఖలో బాబు పేరు నమోదు చేయించండి. విరాళంగా వచ్చే మందు పంచేటప్పుడు పేరున్నవాళ్లనే ముందు చూస్తారు.

ఎమిసిజుమాబ్ మొదలుపెడితే ఒక సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. ఏ కొత్త ఆసుపత్రికి వెళ్లినా ఆ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి. అది ఒంట్లో ఉండగా ఏపీటీటీ అనే గడ్డకట్టే పరీక్ష మామూలుగా ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని చూసి బాగానే ఉందని పంపేస్తే ముప్పు. ఇన్‌హిబిటర్ వాళ్లకి వాడే ఫీబా అనే మందుని దాంతో కలిపితే సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టొచ్చు.

మీ ప్రాంతం కాబట్టి ఇంకొన్ని. జ్వరం వస్తే మీ వైపు మలేరియా అనుకోవాల్సిందే, పరీక్ష వెంటనే చేయించాలి. మందు మాత్రగా గాని నరంలోకి గాని ఇవ్వాలి, తుంటికీ తొడకీ కండలో ఇంజెక్షన్ వద్దు. ఊళ్లో ఆర్.ఎం.పి. ఎంత తెలిసినవాడైనా సరే, సిరంజి తీశాడంటే చెయ్యి అడ్డం పెట్టండి. కండలో పోసిన మందు కన్నా ఆ కండలో నిండే రక్తం ఎక్కువవుతుంది. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వొచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు. వాచిన మోకాలికి నూనె మర్దన, పసరు కట్టు, వాతలు పెట్టడం ఏవీ వద్దని పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి. చల్లని కాపడం, కదలకుండా ఉంచడం, ఫ్యాక్టర్, ఇవే కావాలి. వాపు దిగాక ఫిజియోథెరపీ మానకండి, తొడ కండ బలపడితేనే మోకాలు నిలబడుతుంది.

పాలపళ్లు ఊడే వయసు. మీ తమ్ముడికి జరిగింది మీ మనసులో ఉంటుంది, ఆ భయం నాకు అర్థమవుతుంది. వాటంతట అవి ఊడే పళ్లని కదపకండి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంట్లో ఉంచుకోండి, ఎంత వాడాలో బరువు చూసి డాక్టరు చెబుతారు. మూత్రంలో రక్తం పడుతుంటే మాత్రం దాన్ని వెయ్యకూడదు. పన్ను పీకవలసి వస్తే ముందు ఫ్యాక్టర్, ఆ తరవాతే పన్ను. హెపటైటిస్ బి టీకా పూర్తయిందో లేదో చూసుకోండి. రేపు జన్యువు వెళ్లి చేరేది కాలేయానికే అయితే, ఆ కాలేయం ఇప్పుడే చెడకూడదు. టీకాలని సన్నని సూదితో చర్మం కింద వేయించి, ఐదు నిమిషాలకి తగ్గకుండా నొక్కి పట్టుకోవాలి. ఆర్నెల్లకో ఏడాదికో ఇన్‌హిబిటర్ పరీక్ష చేయించండి. తీవ్రమైన హిమోఫీలియా ఏ ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికైనా అది వస్తుంది.

బాబు జబ్బు పేరు, ఇవ్వకూడని మందులు, మీ ఫోన్ నంబరు ఒడియాలో ఒక కాగితం మీద రాయించి బడి హెడ్‌మాస్టరుకీ మీ ఆశా దిదీకీ ఇవ్వండి. తలకి దెబ్బ తగిలితే, బొప్పి కట్టినా కట్టకపోయినా, ముందు ఫ్యాక్టర్, తరవాతే స్కాన్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియా ఉంది, అందుకని యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డుకి) దరఖాస్తు పెట్టండి. చికిత్సకి వెళ్లే హిమోఫీలియా రోగులకి రైల్లో రాయితీ ఉంది. వెల్లూరు ఒకసారి చూపించుకు రావాలనుకుంటే రాయగడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్పాడిలో దిగొచ్చు. అక్కడ బాబు పేరు నమోదై ఉంటే, రేపు ఏ పరీక్ష మొదలైనా మీకు కబురు వచ్చే వీలుంటుంది. పొలం అమ్మక్కర్లేదు, ఆ ప్రయాణానికి కాస్త డబ్బు చాలు.

ఆ ఫోన్ నంబరు వాళ్ల మాటకొస్తే, మందు ఇంకా పరీక్షలో ఉందంటే దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో జరిగే ప్రతి మందు పరీక్షా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. ఎవరైనా సరే, రిజిస్ట్రీ నంబరు అడగండి. మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం అడగండి. డబ్బుల మాట ముందొచ్చిందంటే ఫోన్ పెట్టెయ్యండి. మూలకణాల పేరుతో ఇంజెక్షన్లు అమ్మే క్లినిక్కులకీ ఇదే మాట.

మీ చెల్లి సంగతి. మీ తమ్ముడికీ బాబుకీ ఇద్దరికీ వచ్చిందంటే ఆ జన్యువు మీ అమ్మగారి నుంచి మీకు వచ్చింది. మీ చెల్లికి వచ్చి ఉండే అవకాశం సగం. వచ్చి ఉంటే, ఆమెకి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం మళ్లీ సగం. ఇందులో ఎవరి తప్పూ లేదు, మీ అమ్మగారితో ఈ మాట మాట్లాడేటప్పుడు అది మొదట చెప్పండి. ఆవిడ కొడుకుని పోగొట్టుకున్న మనిషి. ముందు బాబు జన్యు పరీక్ష చేయిస్తే ఏ మార్పు వల్ల వచ్చిందో తేలుతుంది. తీవ్రమైన హిమోఫీలియా ఏలో దాదాపు సగం మందిలో ఇంట్రాన్ 22 అనే చోట జన్యువు తిరగబడి ఉంటుంది, అందుకని అది మొదట చూస్తారు. తరవాత మీ చెల్లిలో ఆ ఒక్క మార్పూ ఉందో లేదో చూడటం తేలిక. పెళ్లికి ముందే ఆమెని ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పండి. పెళ్లికొడుకు వాళ్లకి చెప్పేదీ మానేదీ ఆమె నిర్ణయం. నా మటుకు నేను పెళ్లికొడుక్కి చెప్పడమే మంచిదంటాను. తరవాత బయటపడితే నింద పడేది ఆమె మీదే.

గర్భం వస్తే 10 నుంచి 12 వారాల మధ్య బిడ్డని పరీక్ష చేయించుకునే వీలుంది, మార్పు ఏదో ముందే తెలిసి ఉంటేనే అది కుదురుతుంది. చేయించుకోకపోయినా, కాన్పు చేసే డాక్టరుకి తెలిసి ఉండాలి. బిడ్డ తలని పట్టుకారుతోనో వ్యాక్యూమ్‌తోనో లాగకుండా జాగ్రత్త పడతారు. జన్యువు మోసే ఆడవాళ్లలో కొందరికి సొంత ఫ్యాక్టర్ కూడా తక్కువగా ఉంటుంది, నెలసరి ఎక్కువ కావడం, కాన్పు తరవాత రక్తం ఆగకపోవడం దానివల్లే. మీ ఇద్దరూ ఫ్యాక్టర్ 8 పరీక్ష చేయించుకోండి. బాబుని ఈసారి బరంపురం తీసుకెళ్లినప్పుడే మీ రక్తం కూడా ఇచ్చి రండి.